పొందూరు ఖాదీ, బొబ్బిలి వీణ అమ్మే సైటు: చూపు లేనివాళ్లూ వినికిడి లేనివాళ్లూ కూడా వాడేలా ఎలగ సరిచెయ్యాలి?

(మోడరేటర్ గమనిక: ఈ వేదికలో ట్యాగులు రాస్తే మాయమైపోతున్నాయి. బాగయ్యేదాకా కోడు పేర్లు తెలుగు అక్షరాల్లోనే రాయండి.)

పోగులమ్మి (శ్రీకాకుళం), సోమవారం ఉదయం 9:10

అందరికీ నమస్కారం. మన రెండు జిల్లాల సరుకు అమ్మే చిన్న సైటు ఒకటి చేతిలో ఉంది. పొందూరు ఖాదీ, బుడితి ఇత్తడి, బొబ్బిలి వీణలు, పలాస జీడిపప్పు. వర్డ్‌ప్రెస్ మీద కట్టింది, మొత్తం 40 పేజీలు.

ఇప్పుడున్న సంగతి ఇది. ధరల పట్టిక పీడీఎఫ్, డీటీపీ షాపులో చేయించింది. పండగ ఆఫర్లన్నీ పోస్టర్ బొమ్మలు. ఆర్డరు ఫారం ఓటీపీతో నడుస్తుంది. నేతవాళ్లు పని చూపించే వీడియోలు 6. పసుపు నేల మీద ఎర్ర అక్షరాలు. హోం పేజీ తెరవగానే వీణ మోగుతుంది.

స్క్రీన్ రీడర్ (తెర మీది అక్షరాల్ని చదివి వినిపించే సాఫ్ట్‌వేరు) పెడితే ఇంగ్లిషు ముక్కలు చదువుతోంది, తెలుగు పేరాలు వచ్చేసరికి గప్‌చుప్. "యాక్సెసిబిలిటీ ప్లగిన్ ఒకటి వెయ్యండి, పక్కన చక్రాల కుర్చీ బొమ్మ వస్తాది, అన్నీ అదే చూసుకుంటాది" అని సలహా వచ్చింది. అది చాలునా? చాలకపోతే ముందు ఏటి, తర్వాత ఏటి?

కోటగోడ (విజయనగరం), సోమవారం ఉదయం 9:48

ఆ ప్లగిన్ వద్దు. అందులో ఉండేవి అక్షరాలు పెంచే మీట, రంగులు తిరగేసే మీట, చదివి వినిపించే మీట. అక్షరాలు పెంచడానికి బ్రౌజర్లో కంట్రోల్, ప్లస్ ఉన్నాయి. రంగులు తిరగెయ్యడం విండోస్‌లోనూ ఆండ్రాయిడ్‌లోనూ ఉంది. చూపు లేని మనిషి మీ సైటుకి వచ్చేసరికే తన స్క్రీన్ రీడర్‌తో వస్తాడు, మీరిచ్చే రెండో గొంతు మొదటిదానికి అడ్డం. కొన్ని ప్లగిన్‌లైతే స్క్రీన్ రీడర్ వాడే మీటలనే లాగేసుకుంటాయి.

అసలు విషయమేటంటే, మీరు చెప్పిన తప్పుల్లో ఒక్కటీ అది సరిచెయ్యలేదు. పోస్టర్‌లో అక్షరాలు దానికీ కనపడవు. పేరు లేని గడికి పేరు పెట్టలేదు.

ఒకటి వెంటనే చూడండి. సైటు కోడు తలభాగంలో వ్యూపోర్ట్ వరసలో "యూజర్ స్కేలబుల్ నో" గానీ "మాగ్జిమమ్ స్కేల్ 1" గానీ ఉంటే తీసెయ్యండి. ఫోనులో రెండు వేళ్లతో పెద్దది చేసుకోనివ్వకుండా ఆపేది అదే. అది ఉంచి పక్కన అక్షరాలు పెంచే మీట పెట్టడమంటే తలుపుకి తాళం వేసి కిటికీ చూపించినట్టు.

నాగావళి_రేవు (శ్రీకాకుళం), సోమవారం ఉదయం 10:30

తెలుగు చదవకపోవడానికి కారణం నూటికి తొంభైపాళ్లు భాష గుర్తు. వర్డ్‌ప్రెస్‌ని ఇంగ్లిషులో దింపుకుంటే ప్రతి పేజీ మొదట్లో హెచ్‌టీఎంఎల్ ట్యాగ్ "లాంగ్" విలువ "ఈఎన్ యూఎస్" అని పడుతుంది. స్క్రీన్ రీడర్ దాన్ని నమ్మి ఇంగ్లిషు గొంతు ఎత్తుకుంటుంది. ఆ గొంతుకి తెలుగు అక్షరం రాదు, దాటేస్తుంది. సెట్టింగ్స్, జనరల్, సైట్ లాంగ్వేజ్‌లో తెలుగు ఎంచండి, విలువ "టీఈ" అవుతుంది. పేజీ మధ్యలో ఇంగ్లిషు లిపిలో పేరా ఉంటే ఆ పేరాకి మాత్రం "ఈఎన్" పెట్టండి. తెలుగు లిపిలో రాసిన ఇంగ్లిషు మాటలకి ఏమీ అక్కర్లేదు.

రెండోది వాడేవాళ్ల వైపు. ఎన్‌వీడీఏలో (విండోస్‌కి ఉచితంగా దొరికే స్క్రీన్ రీడర్) సెట్టింగ్స్, స్పీచ్ కింద భాష తనంతట మార్చుకునే గడికి టిక్ ఉండాలి. దాంతో వచ్చే ఈస్పీక్ గొంతుకి తెలుగు వచ్చు, కాస్త మరమనిషిలా పలికినా ప్రతి ఒత్తూ పలుకుతుంది. ఆండ్రాయిడ్ ఫోన్ల స్క్రీన్ రీడర్ టాక్‌బ్యాక్‌కైతే గూగుల్ గొంతుల్లో తెలుగు దింపుకుని ఉండాలి. మీరు పరీక్షించేటప్పుడు ఈ రెండూ చూసుకోకుండా "సైటు చదవట్లేదు" అనుకోకండి.

మూడు, ఆ వీణ. స్క్రీన్ రీడర్ గొంతూ వీణా ఒకేసారి మోగితే ఆపే మీట ఎక్కడుందో చెప్పే మాట కూడా వినపడదు. 3 సెకన్లు దాటి తనంతట మోగే శబ్దానికి ఆపే వీలుండాలని డబ్ల్యూసీఏజీ (వెబ్‌సైట్లు అందరూ వాడేలా ఉండాలని చెప్పే అంతర్జాతీయ నియమావళి) నియమం. మీరు ఆపే మీట కూడా వెతకొద్దు, తనంతట మోగడమే తీసెయ్యండి. "వీణ వినండి" అని బటన్ పెడితే కావలసినవాళ్లు నొక్కుకుంటారు.

పోగులమ్మి, సోమవారం మధ్యాహ్నం 1:05

నిజమే గురూగారూ, "ఈఎన్ యూఎస్" అనే ఉంది. మార్చగానే చదవడం మొదలెట్టింది. వీణ కూడా ఆపేశాం. కానీ ధరల దగ్గర గజిబిజి. కొట్టేసిన పాత ధర, కొత్త ధర రెండూ వరసగా చదివేస్తోంది, ఏది ఇవ్వాలో తెలీదు. చివర్లో "/-" ని కూడా ఏదో అంటోంది.

నాగావళి_రేవు, సోమవారం మధ్యాహ్నం 1:40

కొట్టివేత గీత కంటికే. "డెల్" ట్యాగ్ వాడినా చాలా స్క్రీన్ రీడర్లు మామూలు అమరికలో దాన్ని ప్రత్యేకంగా చెప్పవు. ధరకి ముందు "పాత ధర", "ఇప్పటి ధర" అని మాటలే రాయండి. కంటికి కనపడటం ఇష్టం లేకపోతే కంటికి మాత్రమే దాచే సీఎస్ఎస్ క్లాసులో పెట్టండి. "డిస్‌ప్లే నన్" తో దాచితే మాత్రం స్క్రీన్ రీడర్‌కీ దాగిపోతుంది, అది వాడకూడదు.

"₹1,250/-" బదులు "1,250 రూపాయలు". "/-" చెక్కు మీద ఎవరూ అంకె కలపకుండా వేసే గీత. వెబ్‌లో దానికి పనిలేదు.

ఒత్తులశాస్త్రి (విజయనగరం), సోమవారం సాయంత్రం 6:20

పీడీఎఫ్ దగ్గరికి ఎవరూ రాలేదేమిటి, అసలు రోగం అక్కడుంటే!

డీటీపీ షాపు అన్నారు కాబట్టి పేజ్‌మేకర్, అను ఫాంటు అయ్యుంటుంది. పరీక్ష చాలా తేలిక. పీడీఎఫ్‌లో ఒక వరస ఎంచి కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో అతికించండి. తెలుగు వస్తే యూనికోడు. ఇంగ్లిషు అక్షరాలు, కామాలు, డాలరు గుర్తులు కలిసిన ముద్ద వస్తే అను. ఏమీ రాకపోతే, అసలు ఎంచడమే కుదరకపోతే అది స్కాన్ చేసిన బొమ్మ.

అనులో జరిగేదేమిటంటే, ఫైలులో ఉండేది ఇంగ్లిషు గుర్తే, ఫాంటు దానికి తెలుగు ముసుగు తొడుగుతుంది. కాగితం మీదికి వెళ్లేవరకు ఏ ఇబ్బందీ లేదు, ప్రింటింగ్ ప్రెస్సులు దశాబ్దాల పాటు దాంతోనే నడిచాయి. స్క్రీన్ రీడర్ మాత్రం ముసుగు చూడదు, లోపలి గుర్తులే చదువుతుంది. గూగుల్‌లో వెతికినా దొరకదు, అనువాదమూ కాదు. యూనికోడులో తెలుగుకి 0సీ00 నుంచి 0సీ7ఎఫ్ వరకు సొంత చోటు ఉంది. అక్కడున్న అక్షరమే కంప్యూటరుకి తెలుగు.

చెయ్యవలసింది: షాపు నుంచి పీడీఎఫ్ కాదు, పేజ్‌మేకర్ అసలు ఫైలే అడగండి. అందులోంచి అక్షరాలు తీసి అను నుంచి యూనికోడుకి మార్చే సాధనంలో వెయ్యండి. మార్చాక మనిషి చదవాల్సిందే. మూడేసి అక్షరాల ఒత్తులు (స్త్రీ, రాష్ట్రం లాంటివి) చెదురుతాయి, రూపాయి గుర్తు ఎగిరిపోతుంది. ధరల అంకెలు ఒక్కొక్కటీ పాత కాగితంతో సరిపోల్చండి.

తంపర_గాలి, సోమవారం సాయంత్రం 6:55

అంత దూరం ఎందుకు మాస్టారూ? పీడీఎఫ్‌ని గూగుల్ డ్రైవ్‌లో వేసి డాక్స్‌తో తెరిస్తే తెలుగు అక్షరాలు అదే గుర్తుపట్టి ఇచ్చేస్తాది కదా. బొమ్మలోంచి అక్షరాలు తీసే టెసరాక్ట్‌కి కూడా తెలుగు ఉంది.

ఒత్తులశాస్త్రి, సోమవారం రాత్రి 8:15

పేరాలకి బానే ఉంటుంది తంపరా, అసలు ఫైలు దొరకనప్పుడు అదే దారి. ధరల పట్టికకి వద్దు. గళ్లు విడిపోయి ఒక సరుకు ధర ఇంకో సరుకు పక్కకి జరుగుతుంది. చూపున్నవాడు అనుమానపడతాడు, విని కొనేవాడికి అనుమానపడే ఆధారమే ఉండదు.

ఇంకో మాట. యూనికోడులో చేసినంత మాత్రాన తెలుగు పీడీఎఫ్ బాగుంటుందని లేదు. పీడీఎఫ్ దాచేది అక్షరాల రూపాలు, వాటిని తిరిగి అక్షరాలుగా చెప్పే పట్టిక సరిగా రాకపోతే ఒత్తులు మాయమవుతాయి. వర్డ్ నుంచి చేస్తే "ప్రింట్ టు పీడీఎఫ్" వాడకండి, శీర్షికల గుర్తులన్నీ పోతాయి. "సేవ్ యాజ్" లో పీడీఎఫ్ ఎంచి, ఆప్షన్స్‌లో డాక్యుమెంట్ స్ట్రక్చర్ ట్యాగ్స్ గడికి టిక్ పెట్టండి. తర్వాత మళ్లీ అదే నోట్‌ప్యాడ్ పరీక్ష.

నన్నడిగితే ధరల పట్టికకి పీడీఎఫ్ అక్కర్లేదు. మామూలు పేజీలో టేబుల్ వేసి, పై వరస గళ్లని "టీహెచ్" చేసి "స్కోప్ కాలమ్" పెట్టండి, సరుకు పేరు గళ్లకి "స్కోప్ రో". గళ్లు కలపకండి. అప్పుడు 12వ వరసలో ఉన్నా "పంచె, ఇప్పటి ధర, ఇంత" అని శీర్షికతో సహా వినపడుతుంది. ధర మారినప్పుడు డీటీపీ షాపు చుట్టూ తిరగడమూ తప్పుతుంది.

జీడితోట (పలాస), మంగళవారం ఉదయం 8:30

పోస్టర్ల సంగతి: ప్రతి బొమ్మకీ ఆల్ట్ (బొమ్మకి బదులు స్క్రీన్ రీడర్ చదివే మాటలు) రాసేస్తే అయిపోయినట్టే కదా? బొమ్మ ఏదైనా ఖాళీగా వదలకూడదు అని విన్నాం.

నాగావళి_రేవు, మంగళవారం ఉదయం 9:20

కాదండీ. ఆల్ట్ ప్రతి బొమ్మకీ *ఉండాలి*, కానీ కొన్నింటికి అది ఖాళీగా ఉండాలి. పేజీ అంచున ముగ్గు గీత, శీర్షిక పక్క పువ్వు, ఇలాంటివాటికి ఖాళీ ఆల్ట్ (రెండు కొటేషన్ గుర్తులు, మధ్య ఏమీ లేకుండా). అసలు ఆల్ట్ అనేదే రాయకపోతే కొన్ని స్క్రీన్ రీడర్లు ఫైలు పేరు చదువుతాయి: "ఐఎంజీ అండర్‌స్కోర్ రెండు సున్నా మూడు నాలుగు". ఈ రెంటికీ తేడా అది.

సరుకు బొమ్మకి, కొనేవాడు కంటితో ఏం చూసి తేల్చుకుంటాడో అది రాయాలి. "పొందూరు పంచె ఫోటో" అంటే ఏమీ చెప్పనట్టే. "తెల్లటి పంచె, వేలెడు వెడల్పు మెరూన్ అంచు, అంచులో సన్నటి జరీ గీత ఒకటి" అంటే పనికొస్తుంది. "ఫోటో", "బొమ్మ" అనే మాట అక్కర్లేదు, బొమ్మ అని స్క్రీన్ రీడరే ముందు చెబుతుంది.

తయారీ పేజీలో ఫోటోలకి ఆల్ట్ వేరు. వాలుగ చేప దవడతో పత్తి దువ్వే ఫోటో అక్కడ ఉంటుంది కదా, దానికి "వాలుగ చేప దవడ ఎముక పళ్లతో పత్తి గింజ మీది పోగుల్ని దువ్వుతున్న చేయి". అక్కడ చూపించదలచుకున్నది ఆ దువ్వడం. మనిషి చీర రంగు ఎందుకు?

బొమ్మే లింకైతే ఆల్ట్‌లో బొమ్మ వర్ణన కాదు, ఎక్కడికి తీసుకెళ్తుందో అది. వీణ బొమ్మ నొక్కితే వీణల పేజీ వస్తే "బొబ్బిలి వీణలు" చాలు.

పోస్టర్‌కి ఆల్ట్ మందు కాదు. ఆఫరు, తేదీలు, షరతులు, ఫోను నంబరు అన్నీ 80 మాటలు ఆల్ట్‌లో కుక్కితే వెనక్కి వెళ్లి ఒక్క మాట వినడం కుదరదు, నంబరు కాపీ చేసుకోవడం కుదరదు. చూపు తక్కువున్నవాళ్లకి పోస్టరు పెద్దది చేస్తే మసకబారుతుంది. పోస్టరు వాట్సాప్‌కి ఉంచుకోండి. సైటులో అదే సంగతి మామూలు అక్షరాల్లో రాసి, పోస్టరు పెట్టితీరాలంటే ఆల్ట్‌లో "దసరా ఆఫరు పోస్టరు, వివరాలు కింద" అంటే సరి.

కోటగోడ, మంగళవారం ఉదయం 11:05

ఆర్డరు ఫారం. కొనుగోలు తెగిపోయేది ఇక్కడే కాబట్టి కొంచెం పొడుగ్గా రాస్తాను.

గడి లోపల లేత రంగులో "మీ పేరు" అని రాసి ఉంటే అది లేబుల్ కాదు, టైపు చెయ్యగానే మాయమవుతుంది. ప్రతి గడికీ బయట "లేబుల్" ట్యాగ్, దాని "ఫర్" విలువా గడి "ఐడీ" విలువా ఒకటే ఉండాలి. పరీక్ష: లేబుల్ మాట మీద మౌస్ నొక్కితే కర్సరు గడిలోకి దూకాలి. దూకకపోతే కలవలేదు. చేతులు వణికేవాళ్లకి కూడా దీంతో నొక్కే చోటు పెద్దదవుతుంది.

గళ్లకి "ఆటోకంప్లీట్" విలువలు పెట్టండి: పేరుకి నేమ్, ఫోనుకి టెల్, పిన్‌కి పోస్టల్ కోడ్. ఓటీపీ గడికి వన్ టైమ్ కోడ్. ఇది పెడితే ఫోను మెసేజిలోని అంకెల్ని తనే అందిస్తుంది. ఓటీపీకి ఆరు విడి గళ్లు పెట్టే ఫ్యాషను ఒకటుంది, దాన్ని వదిలేయండి. ఒక్క గడి పెట్టండి, అతికించడాన్ని ఆపకండి. గుర్తుపెట్టుకుని మళ్లీ టైపు చెయ్యమని బలవంతపెట్టకూడదని 2023 అక్టోబరులో వచ్చిన డబ్ల్యూసీఏజీ 2.2 అడిగేది కూడా ఇదే. వంకర అక్షరాల క్యాప్చా ఉంటే తీసెయ్యండి, ఓటీపీ ఉన్నాక అదెందుకు?

ఓటీపీ గడువు దాటితే "మళ్లీ పంపు" ఉండాలి, అప్పటిదాకా నింపిన చిరునామా మాత్రం పోకూడదు. చాలా సైట్లలో అదే జరుగుతోంది.

పేరు గడిలో ఏ నుంచి జెడ్ వరకే ఒప్పుకునే తనిఖీ ఉంటుంది. తెలుగు పేరు రాస్తే "చెల్లదు" అంటుంది. దాన్ని అక్షరాలకి తెరిచినా సరిపోదు, గుడి, సున్న, పొల్లు యూనికోడులో "మార్క్" తరగతి కిందికి వస్తాయి. అక్షరాల తరగతి, మార్కుల తరగతి, "ఆన్‌లైన్" లాంటి మాటల్లో పొల్లు విడగొట్టే కనపడని గుర్తు (200సీ), మూడూ ఒప్పుకోవాలి. అసలు పేరుకి తనిఖీ ఎందుకు పెట్టారన్నది నా ప్రశ్న.

తప్పు చూపించడం: గడి ఎర్రబడితే చాలదు. గడి కిందే "పిన్ కోడ్‌లో 6 అంకెలు ఉండాలి, 5 ఉన్నాయి" అని మాటల్లో రాయండి. ఆ వాక్యం ఐడీని గడి "ఏరియా డిస్క్రైబ్డ్‌బై" లో ఇవ్వండి, గడికి "ఏరియా ఇన్‌వాలిడ్ ట్రూ" (ఏరియా అంటే స్క్రీన్ రీడర్‌కి అదనపు సంగతి చెప్పే కోడు గుర్తులు). పంపు నొక్కాక మొదటి తప్పు గడికి ఫోకస్ (కీబోర్డు పనిచేసే చోటు) తీసుకెళ్లండి. లేకపోతే విని వాడేవాడికి బటన్ నొక్కినా ఏమీ జరగనట్టే ఉంటుంది.

"బుట్టలో పడింది" అనే చిన్న పట్టీ కూడా అంతే. దానికి "రోల్ స్టేటస్" ఉండాలి, ఆ ఖాళీ డబ్బా పేజీ తెరిచినప్పటి నుంచే ఉండాలి, మాట తర్వాత అందులో వెయ్యాలి. డబ్బా, మాట ఒకేసారి పుట్టిస్తే చాలాసార్లు చదవదు.

ప్లస్, మైనస్ బటన్‌లకి పేర్లు: "ఒక మీటరు పెంచు", "ఒక మీటరు తగ్గించు". కనీసం 24కి 24 పిక్సెల్స్, 44 ఉంటే వేలికి హాయి. అవి "డివ్" లయితే నిజం "బటన్" చెయ్యండి, కీబోర్డు పని అదే వచ్చేస్తుంది. ఏరియా పట్టీలు అంటించడం తర్వాతి మాట.

పోగులమ్మి, మంగళవారం మధ్యాహ్నం 12:30

మండలాల జాబితా డ్రాప్‌డౌన్ థీముతో వచ్చింది, బాణం మీటలకి కదలట్లేదు. మామూలు "సెలెక్ట్" పెట్టేస్తే చాలునా?

కోటగోడ, మంగళవారం మధ్యాహ్నం 12:50

కదులుతుంది, కానీ ఇంకో చిక్కు. సెలెక్ట్‌లో మొదటి అక్షరం కొడితే అక్కడికి దూకుతుంది కదా, జాబితా తెలుగులో ఉంటే తెలుగు కీబోర్డు ఉన్నవాళ్లకే ఆ సౌకర్యం. మిగతావాళ్లు ఒక్కొక్కటీ కిందికి నొక్కుకుంటూ వెళ్లాలి. ముందు పిన్ కోడ్ అడిగి, దాన్నిబట్టి జిల్లా మీరే నింపి, మార్చుకునే వీలివ్వండి.

(అన్నట్టు జిల్లాల జాబితా పాతదేమో చూడండి. 2022 ఏప్రిల్లో పార్వతీపురం మన్యం విడిపోయింది. పాలకొండ ఇంకా శ్రీకాకుళంలో చూపించే సైట్లు బోలెడు.)

ఒత్తులశాస్త్రి, మంగళవారం సాయంత్రం 7:00

పసుపు, కుంకుమ రంగుల మీద ఒక మాట. అరసవల్లి నుంచి పైడితల్లి దాకా మనకి ఇష్టమైన జోడీయే, కాదనను. లెక్క మాత్రం ఒప్పుకోదు. నిండు పసుపు మీద నిండు ఎరుపు కాంట్రాస్టు (అక్షరానికీ నేలకీ వెలుగు తేడా) 3.7కి 1. మామూలు అక్షరానికి 4.5 కావాలి. 24 పిక్సెల్స్ పైబడిన పెద్ద అక్షరానికి 3 చాలు కాబట్టి శీర్షికకి నెగ్గుతుంది, పేరాకి నెగ్గదు. ఎరుపుని ముదురు చేసి కోడు 8బీ0000 పెట్టండి, 9 దాటుతుంది. చూడ్డానికి ఎండిన కుంకుమలా ఉంటుంది, పసుపు మీద బాగానే నప్పుతుంది.

తెల్లటి నేల మీద బూడిద రంగు అక్షరాలు ఇంకో జబ్బు. 777777 వేస్తే 4.48, ఓడిపోతుంది. 767676 వేస్తే 4.54, గట్టెక్కుతుంది. కంటికి రెండూ ఒకటే, అందుకే కన్ను కాదు సాధనం నమ్మాలి.

వరసల మధ్య ఎడం: ఇంగ్లిషు థీముల్లో 1.2, 1.3 ఉంటుంది. తెలుగులో పై వరస ఒత్తు కింది వరస గుడితో ముద్దు పెట్టుకుంటుంది. 1.5కి తగ్గకండి, నేనైతే 1.7 అంటాను. బటన్‌కి, కార్డుకి ఎత్తు పిక్సెల్స్‌లో బిగించి "ఓవర్‌ఫ్లో హిడెన్" పెడితే "ఇత్తడి" లో త ఒత్తు కోతకి గురవుతుంది. ఎత్తుకి బదులు "మిన్ హైట్", పైనా కిందా ప్యాడింగ్.

ఫాంటు: గూగుల్ ఫాంట్లలో మన ప్రాంతం పెద్దల పేర్లతో గురజాడ, గిడుగు రెండూ ఉన్నాయి. అభిమానం కొద్దీ పేరాలకి పెట్టేయకండి, వాటి అందం శీర్షికల్లో. పేరాలకి నోటో సాన్స్ తెలుగు గానీ మండలి గానీ వేసి 18 పిక్సెల్స్ ఉంచండి.

తంపర_గాలి, మంగళవారం రాత్రి 8:40

వీడియోలకి క్యాప్షన్లు రాస్తున్నప్పుడు నేతమ్మ మాట్లాడిన సిక్కోలు యాస అలాగే రాయాలా, పుస్తకం తెలుగులోకి మార్చాలా? "ఇలగ నూలు తీస్తాం, అలగ సుడతాం" అంటాది ఆవిడ. మార్చకపోతే మిగతా జిల్లాలవాళ్లకి అర్థమవుతాదా?

ఒత్తులశాస్త్రి, మంగళవారం రాత్రి 9:05

కొంచెం సరిచెయ్యడమే మంచిది. చదివేవాడు వేగంగా చదవాలి, తెలియని మాట తగిలితే ఆగిపోతాడు.

నాగావళి_రేవు, మంగళవారం రాత్రి 9:30

నేను ఒప్పుకోను మాస్టారూ. క్యాప్షన్ అంటే వినపడే మాటకి బదులు, దాని అనువాదం కాదు. కొద్దిగా వినపడి పెదవులు కూడా చూసేవాళ్లు చాలామంది. పెదవి "సుడతాం" అంటే అక్షరం "చుట్టెదము" అంటే రెండూ పనికిరావు. గిడుగువారి శ్రీకాకుళంలో కూర్చుని వాడుక మాట దిద్దుదామా? మరీ తెలియని పనిముట్టు పేరు వస్తే వీడియో కింద పేరాలో అర్థం రాస్తే చాలు.

ఎలగ రాయాలంటే: వెబ్‌వీటీటీ ఫైలు (క్యాప్షన్ మాటలూ వాటి సమయాలూ ఉండే ఫైలు), ఒకసారికి రెండు వరసలకి మించకుండా. వరసని మాట మధ్యలో కాకుండా ఊపిరి తీసుకునే చోట విరవండి. మాట కాని శబ్దం కూడా రాయాలి: "(మగ్గం చప్పుడు)". తనంతట తయారయ్యే క్యాప్షన్లు మన యాసకి తడబడతాయి, ముసాయిదాగా వాడి మొత్తం దిద్దండి.

చూపు లేనివాళ్ల వైపు నుంచి ఆ వీడియోల్లో ఇంకో లోటు. "ఇలగ", "అలగ" అన్నప్పుడు చెయ్యి ఏం చేసిందో వినేవాడికి తెలీదు. మాటల మధ్య ఖాళీలో "దవడ ఎముకని ఎడమ నుంచి కుడికి లాగుతోంది" అని ఇంకో గొంతు చెప్పాలి. ఇకముందు తీసే వీడియోల్లో, చేసే పని పేరు చెప్పి చెయ్యమని నేతమ్మనే అడిగితే ఆ రెండో గొంతు చాలావరకు అక్కర్లేదు. ఖర్చూ లేదు.

ఒత్తులశాస్త్రి, మంగళవారం రాత్రి 9:42

పెదవుల సంగతి తట్టలేదు. యాస ఉంచండి.

తంపర_గాలి, మంగళవారం రాత్రి 9:50

మరి సైగల భాష కిటికీ కూడా కావాలా?

నాగావళి_రేవు, మంగళవారం రాత్రి 10:10

డబ్ల్యూసీఏజీ డబుల్ ఏ స్థాయికి తప్పనిసరి కాదు, అన్నిటికన్నా పై స్థాయి ట్రిపుల్ ఏ లో ఉంది. కానీ పుట్టుకతో వినికిడి లేనివాళ్లలో చాలామందికి మొదటి భాష సైగలే, రాసిన తెలుగు రెండోది. ఆరింటిలో ఆర్డరు ఎలా పెట్టాలో చెప్పే ఒక్క వీడియోకైనా పెట్టించండి. భారతీయ సైగల భాషకి నిఘంటువు ఉంది, అనువాదకులూ ఉన్నారు. మీరే నేర్చుకుని చెయ్యకండి.

ఇంకా ముఖ్యం: "సందేహాలకి ఫోను చెయ్యండి" అని ఒక్కటే ఉంటే వాళ్లకి తలుపు మూసినట్టే. పక్కనే మెసేజి పంపే దారి పెట్టండి.

జీడితోట, బుధవారం ఉదయం 7:45

చిన్న వ్యాపారానికి ఇదంతా చట్టం ప్రకారం తప్పనిసరేనా?

కోటగోడ, బుధవారం ఉదయం 8:20

వికలాంగుల హక్కుల చట్టం 2016, 46వ సెక్షను, కేంద్రం పెట్టిన అందుబాటు నియమాల ప్రకారం సేవలివ్వాలంటుంది, సేవలిచ్చేవాళ్లని ప్రభుత్వమనీ ప్రైవేటనీ విడదీయలేదు. ఉల్లంఘిస్తే మొదటిసారి 10 వేల రూపాయల వరకు జరిమానా, తర్వాత 50 వేల నుంచి 5 లక్షల వరకు అని 89వ సెక్షను. 2024 నవంబరు 8న సుప్రీంకోర్టు, ఈ నియమాలు సలహాల్లా ఉంటే కుదరదు, తప్పనిసరి చెయ్యాలని కేంద్రానికి చెప్పింది. 2025 ఏప్రిల్ 30 తీర్పులో డిజిటల్ సేవలు అందుకోవడం రాజ్యాంగం 21వ అధికరణలోని జీవించే హక్కులో భాగమంది. ప్రభుత్వ సైట్లకి జీఐజీడబ్ల్యూ 3.0 అనే నియమావళి వేరే ఉంది, మీకది వర్తించదు గానీ చదివితే పనికొస్తుంది. లోతుల్లోకి వెళ్లాలంటే వకీలుని అడగండి, ఈ చర్చ దారి తప్పుతుంది.

పోగులమ్మి, గురువారం సాయంత్రం 5:30

ఇప్పటిదాకా అయినవి: భాష, వీణ, రంగులు, ధరల టేబుల్, ఫారం లేబుళ్లు. లైట్‌హౌస్‌లో (క్రోమ్ బ్రౌజర్లో ఉండే తనిఖీ సాధనం) 100 వచ్చింది! ఇంక వీడియోలే మిగిలాయి అనుకోవచ్చా?

కోటగోడ, గురువారం సాయంత్రం 6:00

100 అంటే ఆ సాధనం పట్టుకోగలిగిన తప్పులు లేవని. ఆల్ట్ ఉందా అని చూస్తుంది, అందులో "ఐఎంజీ 2034" ఉందా పంచె వర్ణన ఉందా అని చూడదు.

మౌస్ తీగ పీకేసి ఒక పంచె కొనండి. ట్యాబ్ నొక్కుతూ వెళ్తే ఎక్కడున్నారో ప్రతిచోటా గీత కనపడాలి. కనపడకపోతే థీములో ఎవరో "అవుట్‌లైన్ నన్" రాశారు, వెతికి తీసెయ్యండి. పైన అంటుకుని ఉండే మెనూ పట్టీ ఫోకస్ గీతని కప్పేస్తోందేమో చూడండి. మెనూ ఎస్కేప్‌తో మూసుకోవాలి. ఫోటో పెద్దది చేసే పెట్టె తెరిస్తే ఫోకస్ అందులోకి వెళ్లాలి, మూస్తే నొక్కిన చోటికే రావాలి. "డైలాగ్" ట్యాగ్‌ని "షో మోడల్" తో తెరిస్తే ఇందులో చాలామటుకు బ్రౌజరే చేసిపెడుతుంది.

తర్వాత బ్రౌజర్‌ని 1280 పిక్సెల్స్ వెడల్పు ఉంచి 400 శాతానికి పెంచండి. పక్కకి జరుపుకుంటూ చదవాల్సి రాకూడదు.

నాగావళి_రేవు, గురువారం సాయంత్రం 6:35

ఎన్‌వీడీఏ పరీక్ష కూడా. హెచ్ కొడుతూ పోతే శీర్షికలు వరసగా రావాలి. అక్షరాలు లావు చేసి శీర్షికలా చూపించిన పేరాలు దీనికి దొరకవు. ఇన్సర్ట్, ఎఫ్7 కొడితే లింకుల జాబితా వస్తుంది, అందులో "ఇక్కడ నొక్కండి" పదిసార్లు ఉంటే పదీ మార్చాలి. గొంతు వేగం అందకపోతే టూల్స్‌లో స్పీచ్ వ్యూయర్ తెరవండి, పలికేదంతా అక్షరాల్లో పడుతుంది.

మీ హోం పేజీలో ఆఫర్ల బొమ్మలు తనంతట జరుగుతున్నాయి. 5 సెకన్లు దాటి కదిలేదానికి ఆపే బటన్ ఉండాలి. "కొత్తది" అని మెరిసే బొమ్మ కూడా తీసెయ్యండి, సెకనుకి 3 సార్లకి మించి మెరిస్తే మూర్ఛ వచ్చేవాళ్లకి ప్రమాదం.

పోగులమ్మి, శుక్రవారం ఉదయం 10:15

కీబోర్డుతో వెళ్తే డబ్బు కట్టే చోట ఆగిపోయాం. యూపీఐ క్యూఆర్ బొమ్మ ఒకటే ఉంది. ఆల్ట్ "క్యూఆర్ కోడ్" అని పెట్టాం.

నాగావళి_రేవు, శుక్రవారం ఉదయం 10:40

సైటు తెరిచిన ఫోనులోనే ఆ క్యూఆర్ ఉంటే చూపున్నవాళ్లు కూడా దాన్ని ఆ ఫోను కెమెరాతో స్కాన్ చెయ్యలేరు కదండీ. యూపీఐ ఐడీని కాపీ చేసుకునేలా అక్షరాల్లో రాయండి, పక్కన "ఐడీ కాపీ చెయ్యి" బటన్. యూపీఐ యాప్ నేరుగా తెరిచే లింకు పెట్టి అందులో మొత్తం ముందే నింపండి. లింకు మాట "1,250 రూపాయలు యూపీఐతో చెల్లించండి" అని. క్యూఆర్ కిందికి జరపండి, కంప్యూటర్ మీద చూసేవాళ్లకి పనికొస్తుంది.

కోటగోడ, శుక్రవారం ఉదయం 10:52

యాప్ నుంచి తిరిగొచ్చాక పేజీ టైటిల్ కూడా మారాలి: "ఆర్డరు అందింది". స్క్రీన్ రీడర్ మొదట చదివేది అదే. ఇప్పుడు మీ 40 పేజీలకీ టైటిల్ ఒకటే ఉంది, చూశారా?

పోగులమ్మి, శుక్రవారం ఉదయం 11:20

చూడలేదు. మారుస్తున్నాం.